చిన్న ఆటల కొలువు: సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్, దీర్ఘకాల వాడకం తరువాత

సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ మీద వచ్చిన సమీక్షలలో ఎక్కువ భాగం ఏ ఫైటర్ బలమైనవాడు, ఎవరిని ఎంచుకుంటే సులువుగా గెలుస్తాం అనే లెక్కలతోనే సరిపోతుంది. 2018 డిసెంబరు 7న నింటెండో స్విచ్ కోసం విడుదలైన ఈ ఆటను బెంగళూరులో, మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో, ఏళ్ల తరబడి వారాంతాల్లో తెలుగు మిత్రులతో కలిసి ఆడుతూ వస్తున్నాను. ఎవరు బలవంతులన్న ఆసక్తి నాకు మొదటి ఏడాదే తీరిపోయింది. అయినా కార్ట్రిడ్జి యంత్రంలోంచి బయటికి రాలేదంటే అందుకు కారణం వేరు. మారియో, జెల్డా, పోకెమాన్ వంటి పెద్ద పేర్ల వెనుక ఈ ఆటలో ఎన్నో చిన్న సిరీస్‌లు తలదాచుకుని ఉన్నాయి. వాటిలో ఒకే ఒక్క ఆటతో ఆగిపోయినవి ఉన్నాయి, జపాన్ పొలిమేర దాటనివి ఉన్నాయి, పెద్ద సిరీస్‌ల నుంచి చీలి వేరుకాపురం పెట్టినవీ ఉన్నాయి. వాటిని ఈ ఆట ఎక్కడ గౌరవంగా నిలబెట్టింది, ఎక్కడ మొక్కుబడిగా పేరు రాసి వదిలేసింది అన్నదే ఈ సమీక్షలో నేను చూడదలచుకున్న విషయం.

తెలియనివారి కోసం ఆట స్వరూపం క్లుప్తంగా చెబుతాను. వేర్వేరు ఆటల పాత్రలు ఒకే వేదిక మీద తలపడతాయి. దెబ్బ తిన్నకొద్దీ శాతం పెరుగుతుంది, శాతం పెరిగినకొద్దీ తరువాతి దెబ్బకు దూరంగా ఎగిరిపోతారు, అంచు దాటి పడిపోయినవారు ఒక ప్రాణం కోల్పోతారు. 1999లో నింటెండో 64 మీద 12 మంది ఫైటర్లతో మొదలైన ఈ వరుస, మసాహిరో సకురాయ్ నిర్దేశకత్వంలో అల్టిమేట్‌కు వచ్చేసరికి, తరువాత అమ్మిన అదనపు ఫైటర్లతో కలిపి 89 మందికి చేరింది. స్టేజీలు వందకు పైగా, పాటలు 800కు పైగా, స్పిరిట్లు అనే బొమ్మల కార్డులు వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక చిన్న సిరీస్ ఇందులోకి రావాలంటే ఫైటర్‌గానో, స్టేజీగానో, ఐటమ్‌గానో, కాసేపు వచ్చి సాయం చేసి వెళ్లే అసిస్ట్ ట్రోఫీగానో, పాటగానో రావాలి. ఏదీ కుదరకపోతే స్పిరిట్‌గా రావాలి. ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: పాత ఆటలో మన వేళ్లు చేసిన పని ఈ ఆటలోనూ ఏదో రూపంలో మిగిలితేనే ఆ సిరీస్ బతికినట్టు. బొమ్మ మాత్రమే మిగిలితే దాని ఉనికి నామమాత్రం.

నింటెండో దృష్టిలో చిన్నవైన ఆటలు మన తరం తెలుగువారికి చిన్నవి కావన్న సంగతి ముందుగా చెప్పాలి. తొంభైలలో మన పట్టణాలలో టీవీ గేమ్ అంటే నకలు యంత్రం, దాని మీద గుచ్చే పసుప్పచ్చ క్యాసెట్, క్యాసెట్ మీద తొమ్మిదులు బారుగా పేర్చిన ఒక అసాధ్యమైన సంఖ్య. లోపల నిజానికి ఉండేవి కొన్ని పదుల ఆటలే, అవే మళ్లీ మళ్లీ వచ్చేవి. ఐస్ క్లైంబర్, బెలూన్ ఫైట్, డక్ హంట్, ఎక్సైట్ బైక్, క్లూ క్లూ ల్యాండ్, రెకింగ్ క్రూ వంటివన్నీ మనకు పరిచయమైంది అక్కడే. దీనికి సాంకేతిక కారణం ఉంది. ఐస్ క్లైంబర్, బెలూన్ ఫైట్, డక్ హంట్, ఎక్సైట్ బైక్ ఒక్కొక్కటి 24 కిలోబైట్ల ఆట. మొదటి సూపర్ మారియో కూడా 40 కిలోబైట్లే. అందుకే ఒక్క చిప్పులో వాటిని ఎన్నైనా కుక్కవచ్చు. 1987లో అమెరికాలో కార్ట్రిడ్జిగా వచ్చిన జెల్డా మాత్రం 128 కిలోబైట్లు, పైగా ఆగిన చోటు గుర్తుంచుకోవడానికి దానికి బ్యాటరీ కూడా కావాలి. చవక క్యాసెట్ చేసేవాడు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? ఫలితంగా ప్రపంచం నెత్తిన పెట్టుకున్న జెల్డా కథానాయకుడు లింక్, మెట్రాయిడ్ నాయిక శామస్ మనకు పరాయివాళ్లయ్యారు. ఇతరులకు అంతగా గుర్తులేని ఐస్ క్లైంబర్ జంట పోపో, నానా మనకు ఇంటి పిల్లలయ్యారు. మా ఫ్లాట్‌లో మొదటిసారి ఫైటర్ల పట్టిక తెరిచిన రోజున ముప్పై దాటిన వారందరి వేళ్లూ మారియో తరువాత వెళ్లి ఆగింది ఐస్ క్లైంబర్ల దగ్గర, డక్ హంట్ దగ్గర. జెల్డా వైపు ఎవరూ చూడలేదు.

డక్ హంట్ గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక చిన్న ఆటను పోరాట ఆటలోకి తేవడం ఎలాగో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1984 నాటి అసలు ఆటలో కుక్క పొదలోంచి బాతును లేపుతుంది, మనం ప్లాస్టిక్ తుపాకీతో కాల్చాలి, గురి తప్పితే కుక్క పైకి లేచి కిసుక్కున నవ్వుతుంది. ఆ నవ్వుకు ఒళ్లు మండి కుక్కను కాల్చాలని చూడని పిల్లవాడు ఉండడు. 2014లో నింటెండో వీ యూ, 3డీఎస్ యంత్రాల కోసం వచ్చిన స్మాష్‌లో మొదటిసారి వచ్చిన ఫైటర్‌లో ఆ కుక్కా, ఆ బాతూ ఒకే జంటగా కలిసిపోయి ఉంటాయి. అసలు తమాషా ఏమిటంటే తుపాకీ పట్టుకున్న మనిషి తెర మీద కనిపించడు. కుక్క బలమైన దెబ్బ కొట్టేటప్పుడు తెర బయటి నుంచి తూటాలు వస్తాయి, కుక్క వాటి నుంచి తప్పించుకుంటూ ఉంటే ఆ తూటాలు ఎదుటివాడికి తగులుతాయి. అంటే టీవీ ముందు కూర్చున్న పాతకాలపు పిల్లవాడే ఈ పోరులో మూడో పాత్రధారి. దానికి తోడు ఈ ఫైటర్ తన్నే డబ్బా హోగన్స్ ఆలీ అనే ఆటలోది, పిలిస్తే వచ్చి తుపాకీ పేల్చే అయిదుగురు రౌడీలు వైల్డ్ గన్‌మాన్ నుంచి వచ్చినవారు, విసిరే మట్టి పళ్లెం డక్ హంట్‌లోదే. తుపాకీతో ఆడే మూడు ఆటలు ఒక్క ఫైటర్‌లో ఒదిగిపోయాయి.

ఆ తుపాకీ పనితీరు తెలిస్తే ఈ కూర్పులోని చమత్కారం ఇంకా బాగా అర్థమవుతుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చతురస్రం వెలుగుతుంది, తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ వెలుగును చూసిందా లేదా అన్నదే గురికి కొలత. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ఆ వెలుగు సరిగ్గా ఆశించిన క్షణానికి వచ్చేది. నేటి పలుచని టీవీలు బొమ్మను కొంచెం ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి పాత తుపాకీ వాటి ముందు పనికిరాదు. డక్ హంట్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఈనాటి గదిలో ఆడడం కష్టమైపోయిన రోజుల్లో, దాని తుపాకీ దెబ్బ మిగిలిన చోటు స్మాష్ ఒక్కటే అని నా ఉద్దేశం. (అసలు ఆటలో ఒక్క బాతు వచ్చే రకంలో రెండో రిమోట్‌తో బాతును నడపవచ్చన్నది చాలామందికి తెలియదు. మా ఇంట్లో ఆ రహస్యం తెలిసిన పెద్దన్నయ్య దాన్ని చాలాకాలం దాచిపెట్టాడు.)

ఐస్ క్లైంబర్ల సంగతి వేరు. 1985 నాటి ఆటలో 32 కొండలు, సుత్తితో నెత్తి మీది మంచు పగలగొట్టుకుంటూ పైకి ఎక్కడం, కొండ కొమ్మున ఎగిరే పక్షి కాళ్లు పట్టుకోవడం, ఇద్దరు ఆడుతుంటే ఒకడు వేగంగా ఎక్కేసి రెండోవాడిని కిందనే వదిలేయడం ఉండేవి. అన్నదమ్ముల మధ్య అసలు తగవు ఆ చివరి దానితోనే వచ్చేది. స్మాష్‌లో పోపో, నానా ఇద్దరూ ఒకే ఆటగాడి చేతిలో ఉంటారు. ఒకరిని మనం నడిపిస్తే రెండోవారు వెంట వస్తారు. వెంట వచ్చేవారు పడిపోతే మిగిలిన ఒక్కరికి పైకి ఎగబాకే శక్తి బాగా తగ్గిపోతుంది. అసలు ఆటలో వదిలేసి వెళ్లడం ఎత్తుగడ అయితే ఇక్కడ అదే ఓటమికి దారి. 2001 నాటి స్మాష్ ఆట మెలీలో వచ్చిన ఈ జంట 2014లో లేకపోవడానికి కారణం, ఒకేసారి అన్ని పాత్రలను లెక్కించుకునే స్తోమత 3డీఎస్‌కు చాలకపోవడం. అల్టిమేట్‌లో తిరిగి వచ్చారు. సాధనకు లొంగే ఫైటర్లు కారు, నేను ఇప్పటికీ వీరితో గెలిచిన ఆటలకంటే ఓడినవే ఎక్కువ. అయినా ఎంచుకోవడం మానలేదు.

బెలూన్ ఫైట్‌కు ఫైటర్ దొరకలేదు, కానీ స్టేజీ దొరికింది, కింది నీళ్లలోంచి ఎగిరి మనిషిని పట్టుకుపోయే ఆ చేపతో సహా. యానిమల్ క్రాసింగ్ ఆట నుంచి వచ్చిన ఫైటర్ విలేజర్ రెండు బుడగలు కట్టుకుని పైకి ఎగిరే మూవ్ పేరు బెలూన్ ట్రిప్. అది పాత ఆటలోని ఒక ఆట రకం పేరు. నింటెండో పాత యంత్రం ఫామికామ్ మీది బెలూన్ ఫైట్‌కు ప్రోగ్రాం రాసినవారు సతోరు ఇవాటా. తరువాత ఆయనే సకురాయ్‌తో కూర్చుని మొదటి స్మాష్ నమూనాకు ప్రోగ్రాం రాశారు, 2002లో నింటెండో అధ్యక్షులయ్యారు, 2015లో మరణించారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ స్టేజీ వచ్చినప్పుడు చేపను తిట్టడం కొంత తగ్గించాను.

మిస్టర్ గేమ్ అండ్ వాచ్‌ను నేను ఈ ఆటలోని అత్యుత్తమ కల్పనగా ఎంచుతాను. 1980లో నింటెండో రూపకర్త గున్‌పే యొకోయ్ తయారుచేసిన గేమ్ అండ్ వాచ్ అనేది జేబులో పట్టే చిన్న తెర యంత్రం. ఒక్కో యంత్రంలో ఒక్కో ఆట, పక్కన గడియారం. మొత్తంగా 4 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. రైలులో విసుగుతో క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతున్న ఉద్యోగిని చూసి యొకోయ్‌కు ఈ ఆలోచన వచ్చిందని ప్రసిద్ధి. ఆ యంత్రాల తెరలో బొమ్మ జరగదు. ముందే అచ్చువేసిన ఆకారాలు ఒకటి ఆరి ఇంకొకటి వెలుగుతుంది. స్మాష్‌లో ఈ నల్లటి చదును మనిషి నడిచినా కొట్టినా అలాగే, మధ్యలో కదలిక లేకుండా, ఒక భంగిమ నుంచి మరో భంగిమకు గెంతుతాడు. పాత తెర పరిమితి ఇక్కడ నడకగా మారింది. అతని దెబ్బల్లో ఎక్కువ భాగం వేర్వేరు యంత్రాల నుంచి తెచ్చినవే: జడ్జ్ నుంచి ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకె చూపే సుత్తి, షెఫ్ నుంచి పెనంలోంచి ఎగరేసే తినుబండారాలు, ఫైర్ నుంచి కింద గుడ్డ పట్టుకుని పైకి ఎగరేసే అగ్నిమాపక సిబ్బంది, ఆయిల్ పానిక్ నుంచి ఎదుటివాడి మంటలను నింపుకుని చివరికి వాడి మీదే గుమ్మరించే బకెట్. అల్టిమేట్‌లో ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కో దెబ్బ వేసేటప్పుడు అతని ఆకారమే ఆ యంత్రంలోని మనిషిలా మారేలా చేశారు. ఒక పాత్రను ఎంచుకుంటే పదికి పైగా ఆటల జాబితా చేతికి వస్తుంది. జడ్జ్ సుత్తికి తొమ్మిది పడినప్పుడు ఎదుటివాడు ఎగిరిపోయే తీరు చూసి మా మిత్రుడొకడు ప్రతిసారీ 'ఇది లాటరీ, ఆట కాదు' అని లేచి మంచినీళ్లకు వెళ్తాడు. నాకేమో ఆ యంత్రం ఆడిన అనుభూతికి అంతకన్నా దగ్గరి మూవ్ లేదనిపిస్తుంది.

రాబ్ గురించి రెండు మాటలు చాలు. 1983లో అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలిన తరువాత దుకాణదారులకు బొమ్మ పేరుతో కన్సోల్ అంటగట్టడానికి 1985లో తెచ్చిన రోబో అది. దానికోసం వచ్చిన ఆటలు జైరోమైట్, స్టాక్-అప్ రెండే. స్మాష్‌లో అది విసిరే బొంగరం జైరోమైట్‌లోనిదే. ఫైటర్‌గా బాగుంటుంది, అంతకు మించి దాని గురించి చెప్పేదేమీ నాకు దొరకలేదు.

అసిస్ట్ ట్రోఫీల దగ్గరికి వస్తే స్థాయిలో తేడాలు మొదలవుతాయి. కొందరు తమ ఆటను వెంటబెట్టుకుని వస్తారు. 1984 నాటి డెవిల్ వరల్డ్‌లో పైన నిలబడ్డ దయ్యం చెయ్యి చూపిన దిక్కుకు చిక్కుదారుల మైదానం మొత్తం జరిగేది. స్మాష్‌లోనూ ఆ దయ్యం వచ్చి చెయ్యి చూపితే తెర అంచే జరిగిపోయి, నిలబడ్డవాళ్లు నిలబడ్డచోటే ప్రాణాలు పోగొట్టుకుంటారు. శిలువలు, మతగ్రంథం వంటి చిహ్నాలు ఉన్నందువల్ల అప్పట్లో ఉత్తర అమెరికాలో విడుదల చేయని ఆట అది. దాని అసలు సూత్రాన్ని పది సెకన్లలో నేర్పేస్తుంది ఈ ట్రోఫీ. అలాగే కలర్ టీవీ గేమ్ 15 ట్రోఫీ వస్తే తెర మీదకు 1977 నాటి రెండు గీతల టెన్నిస్ వచ్చి, ఆ బంతి తగిలినవారిని కొడుతుంది. గోల్డెన్ సన్ కథానాయకుడు ఐజాక్ పెద్ద హస్తాన్ని సృష్టించి వస్తువులను తోసే శక్తితో మనుషులను అంచు బయటికి నెట్టేస్తాడు. మారియో పెయింట్ నుంచి వచ్చిన చెయ్యి ఈగలతో పాటు ఫైటర్లనూ చరుస్తుంది.

మరికొందరి ఆటలు చాలాకాలం జపాన్‌లోనే ఉండిపోవడం వల్ల ట్రోఫీయే మనకు వారి మొదటి పరిచయం. 1992లో గేమ్‌బాయ్ కోసం వచ్చి ఇతర దేశాలకు రాని 'కప్ప కోసం గంట మోగుతుంది' అనే అర్థం వచ్చే ఆట కథానాయకుడు సాబ్లే రాకుమారుడు, కప్పగా, పాముగా మారుతూ దాడి చేస్తాడు. మరుసటి ఏడు వచ్చిన జెల్డా లింక్స్ అవేకెనింగ్‌లో కనిపించే రిచర్డ్ రాకుమారుడు ఈ ఆట నుంచే అక్కడికి అతిథిగా వెళ్లినవాడు. 1986 నాటి మురాసమే కోట ఆటలోని తకమారు కత్తితో దాడి చేస్తాడు. 1993 నాటి జాయ్ మెక్ ఫైట్ నుంచి వచ్చిన సుకాపోన్‌కు తల, మొండెం, అరచేతులు, పాదాలు మాత్రమే ఉంటాయి, వాటిని కలిపే భుజాలు, తొడలు ఉండవు. ఆ పాత ఫామికామ్ యంత్రం ఒకేసారి చూపగల బొమ్మ ముక్కల సంఖ్య పరిమితం కాబట్టి అవసరం లేని భాగాలు తీసేసి పెద్ద రోబోలను వేగంగా కదిలించారు. పేదరికంలోంచి పుట్టిన ఆ రూపం ఇప్పుడు చూసినా ముచ్చటగా ఉంటుంది.

వీరి మధ్య స్వాప్‌నోట్ నుంచి వచ్చిన నిక్కీ ఒక ప్రత్యేకమైన పాత్ర. 3డీఎస్‌లో చేతిరాత ఉత్తరాలు పంపుకునే ఆ సేవలో ఇంటర్నెట్ ద్వారా పంపే సౌకర్యం 2013లోనే ఆగిపోయింది, 2024 ఏప్రిల్‌లో 3డీఎస్ ఆన్‌లైన్ ఆటలే ముగిశాయి. ఆ అమ్మాయి ఇక్కడ పెన్సిల్‌తో బొమ్మలు గీస్తుంటే, అవి ప్రాణం పోసుకుని మన మీద పడుతూ ఉంటాయి. డీఎస్‌లో పక్కపక్కన కూర్చున్నవారు బొమ్మలు పంపుకునే పిక్టోచాట్‌కు స్టేజీ ఉంది, వీధిలో ఎదురైన 3డీఎస్‌ల మధ్య నడిచే ఫైండ్ మీకి స్టేజీ ఉంది. ఇవి ఆటల సిరీస్‌లు కూడా కావు, ఉచితంగా వచ్చిన సదుపాయాలు. యంత్రాలు అటకెక్కాక వాటిని ఎవరు గుర్తుపెట్టుకోవాలి అన్న ప్రశ్నకు ఈ ఆట తయారీదారులు మేమే అని జవాబు చెప్పినట్టుంది.

స్టేజీలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గేమర్. వారియోవేర్ అనేది మారియో ప్రత్యర్థి వారియో నుంచి 2003లో చీలి వచ్చిన ఉపశాఖ, క్షణాల్లో అయిపోయే చిట్టి ఆటల కట్ట. ఆ ఉపశాఖకు మళ్లీ ఒక పిలక వేసినట్టు 2013లో గేమ్ అండ్ వారియో వచ్చింది. అందులో నైన్-వోల్ట్ అనే పిల్లవాడు రాత్రిపూట దుప్పటి కింద దాక్కుని ఆట ఆడుతుంటే అమ్మ ఎక్కడినుంచి వచ్చి చూస్తుందో తెలియక వణికే ఘట్టం ఉంది. స్మాష్‌లోని గేమర్ స్టేజీ అదే గది. తలుపులోంచో, కిటికీలోంచో, టీవీలోంచో అమ్మ ముఖం వస్తుంది, ఆమె చూపు పడ్డవారికి దెబ్బ తగులుతుంది, అందుకని హోరాహోరీగా కొట్టుకుంటున్న నలుగురూ ఒక్కసారిగా అడ్డు వెతుక్కుని నక్కుతారు. మా ఫ్లాట్‌లో ఈ స్టేజీ పడితే "అమ్మొచ్చిందిరోయ్!" అని ఎవరో ఒకరు కేక పెట్టడం రివాజైంది. పరీక్షల ముందు టీవీ గేమ్ వైర్లు అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసిన ఇళ్లలో పెరిగినవారికి దీనిని వివరించనక్కర లేదు.

అదే వారియో విషయంలో నాకు ఒక అసంతృప్తి కూడా ఉంది. స్మాష్‌లోని వారియో మోటారు సైకిలు, అల్లరి చేష్టలతో చాలావరకు వారియోవేర్ మనిషి. అంతకు ముందే, 1994లో మొదలైన వారియో ల్యాండ్ వరుసకు దక్కిన స్థలం తక్కువ. ఉపశాఖ మూలాన్ని కప్పేసిన సందర్భం ఇది. డాక్టర్ మారియో మాత్రం 1990 నాటి మాత్రల ఆట నుంచి తెల్లకోటు వేసుకుని వేరే ఫైటర్‌గానే వచ్చాడు, అతడిలో మారియో దెబ్బలే ఎక్కువగా ఉన్నా ఆ ఆటకు గుర్తింపు మిగిలింది.

కొన్ని సిరీస్‌ల తలరాతను స్మాష్ మార్చిన మాటా నిజమే. 2001లో మెలీలో మార్త్, రాయ్ కనిపించే నాటికి ఫైర్ ఎంబ్లెమ్ జపాన్ బయట ఎవరికీ తెలియదు. రాయ్ సొంత ఆట అయితే మెలీ తరువాత, 2002లో కానీ రాలేదు. 2003 నుంచి ఆ సిరీస్ బయటి దేశాలకు వచ్చింది, ఇప్పుడు దానిని చిన్నది అనలేము. 1986 నాటి కిడ్ ఇకారస్, 1991 గేమ్‌బాయ్ ఆట తరువాత మూగబోయి, 2008 నాటి స్మాష్ ఆట బ్రాల్‌లో దాని కథానాయకుడు పిట్ రావడం, 2012లో సకురాయ్ స్వయంగా కొత్త ఆట చేయడంతో మళ్లీ మాట్లాడింది. ఐస్ క్లైంబర్‌కు, బెలూన్ ఫైట్‌కు, డక్ హంట్‌కు అలాంటి అదృష్టం పట్టలేదు.

సంగీతం విషయంలో ఫిర్యాదు లేదని చెప్పలేను, కానీ అది చిన్నదే. పాటలను సిరీస్ వారీగా పెట్టి, ఆ సిరీస్ స్టేజీలన్నిటిలోనూ ఆ పాటలు వినగలిగేలా చేసిన ఏర్పాటు చక్కగా ఉంది. చిన్న సిరీస్‌లన్నిటినీ మాత్రం 'ఇతరములు' అనే ఒక్క గంపలో పోశారు. ఆ గంపలో చెయ్యి పెడితే దొరికేవి మామూలువి కావు. 1992లో గేమ్‌బాయ్‌లాంటి బుల్లి యంత్రం మీద త్రీడీ గీతల ప్రపంచాన్ని చూపించిన ఎక్స్ అనే ఆట సొరంగం పాట అందులో ఉంది. తరువాత స్టార్ ఫాక్స్‌కు దారి వేసిన ఆర్గొనాట్ సంస్థ పని అది. బయటి దేశాలకు వచ్చేసరికి పాత్రలు మార్చుకుని టెట్రిస్ అటాక్ అయిన పానెల్ డి పోన్ నుంచి లిప్ అనే పాత్ర పాట కూడా ఉంది. యంత్రాన్ని చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు తెర ఆర్పేసి పాటలు మాత్రం వినే సదుపాయం ఉంది కాబట్టి, ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు చేరేలోపు బస్సులో ఈ జాబితాలన్నీ ఎన్నోసార్లు పూర్తయ్యాయి. ఆట ఆడని నా సహోద్యోగి ఒకామె చెవిలో పెట్టుకుని విని, ఆ ఎక్స్ పాట పేరు అడిగి రాసుకున్నారు.

ఇక స్పిరిట్లు. చిన్న సిరీస్‌ల విషయంలో ఈ ఆట చేసిన అతిపెద్ద పొరపాటు ఇక్కడే ఉందని నా తీర్పు. సంఖ్యకు లోటు లేదు. ఎన్నడూ వినని ఆటల పాత్రలు కూడా బొమ్మలుగా కనిపిస్తాయి. ఒక్కో స్పిరిట్‌ను గెలుచుకోవడానికి ఒక పోరు ఉంటుంది. ఆ పాత్ర రంగుకు, పరిమాణానికి దగ్గరగా ఉండే ఫైటర్‌ను ఎంచి, తగిన స్టేజీ, పాట, నియమాలు కలిపి ఆ పాత్రను స్ఫురింపజేయాలన్నది రూపకర్తల ఉపాయం. అసలు ఆట తెలిసినవారికి ఈ పోరులలో ఎన్నో చమత్కారాలు దొరుకుతాయి. తెలియనివారికి మాత్రం నేల ఎందుకు మండుతున్నదో, ఎదుటివాడు ఎందుకు పొట్టిగా ఉన్నాడో అర్థం కాదు. గెలిచాక చేతికి వచ్చే కార్డు మీద పేరు, సిరీస్ పేరు, బలం తెలిపే అంకెలు ఉంటాయి. ఆ పాత్ర ఎవరు, ఆ ఆట ఏ ఏడాదిది, అందులో ఏం చేయాలి అన్న ఒక్క వాక్యం కూడా ఉండదు.

మెలీలోనూ, బ్రాల్‌లోనూ, 2014 స్మాష్‌లోనూ ట్రోఫీలు ఉండేవి. ప్రతి ట్రోఫీని చుట్టూ తిప్పి చూడవచ్చు, కింద నాలుగు మాటల పరిచయం చదవవచ్చు. బ్రాల్‌లో అయితే నింటెండో ఆటల జాబితాతో ఒక చరిత్ర పుట ఉండేది, ఐస్ క్లైంబర్ వంటి పాత ఆటలను కొద్ది నిమిషాలు నిజంగా ఆడి చూసే వీలూ ఉండేది. అల్టిమేట్‌లో అవేవీ లేవు. ఇంతమందికి త్రిమితీయ బొమ్మలు చేయడం ఎంత పనో ఊహించగలను, అందుకు తప్పు పట్టను. కానీ పరిచయ వాక్యానికి శిల్పి అక్కర లేదు కదా. ఇప్పుడున్న స్థితిలో స్పిరిట్ల జాబితా, పేర్లు రాసి వరసలు రాయని పాత ఫొటో ఆల్బమ్‌లా ఉంది.

ఎండాకాలం సెలవులకు అనంతపురం నుంచి వచ్చే మా మేనల్లుడు ఈ లోటును నాకంటే ముందు పట్టేశాడు. వాడు కార్డు గెలిచిన ప్రతిసారీ "ఇదెవరు మామయ్యా? ఇదేం ఆట?" అని అడిగేవాడు. నాకు తెలిసినవి చెప్పేవాడిని, తెలియనివి ఇద్దరం ఫోనులో వెతుక్కునేవాళ్లం. కొన్నాళ్లకు వాడు అడగడం మానేశాడు, కార్డు బలం ఎంతో చూసి జాబితాలోకి తోసేయడం మొదలుపెట్టాడు. వాడిని నేను తప్పు పట్టలేదు, ఆట వాడికి నేర్పింది అదే. వింత ఏమిటంటే డక్ హంట్ జంటనూ, గేమ్ అండ్ వాచ్ మనిషినీ వాడు ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకున్నాడు. "ఈ నల్లవాడు పాత క్యాలిక్యులేటర్‌లోంచి వచ్చాడా?" అని అడిగిన రోజున యొకోయ్ రైలు కథ చెప్పాను, నమ్మలేదు.

స్పిరిట్ల కోసమే నడిచే వరల్డ్ ఆఫ్ లైట్ అనే ఒంటరి ప్రయాణాన్ని ఒకసారి పూర్తి చేశాను, మళ్లీ తెరవలేదు. అంతులేని పోరుల వరుస అది, వారాంతానికి ఇద్దరు మిత్రులు వస్తే దాని అవసరమే ఉండదు. దూరదేశాల వారితో ఆన్‌లైన్‌లో ఆడడం గురించి ఎక్కువ చెప్పను. ఆటగాళ్ల యంత్రాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కాబట్టి దూరం పెరిగినకొద్దీ మీట నొక్కడానికీ, దెబ్బ పడడానికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది. ఇది ఒకే సోఫా మీద ఆడవలసిన ఆట.

ఇప్పుడు కొనాలనుకునేవారికి ఖర్చు మాట. అదనంగా డబ్బు పెట్టి కొనే ఫైటర్లలో జోకర్, సెఫిరాత్, కజుయా, సోరా వంటివారంతా బయటి సంస్థల పెద్ద పేర్లు. చిన్న సిరీస్ మీద మక్కువ ఉన్నవారికి ఆ జాబితాలో 2017 నాటి ఆర్మ్స్ నుంచి వచ్చిన మిన్ మిన్ ఒక్కరే ఆకర్షణ. నేను పైన చెప్పినవన్నీ మామూలు కార్ట్రిడ్జిలోనే ఉన్నాయి, అదనపు కట్టలు కొనకపోయినా పోయేదేమీ లేదు. వాడిన కార్ట్రిడ్జి దొరికితే అది కూడా చాలు.

ఆట మొదలుపెట్టాక నియమాలలో ఒకటి మాత్రం మార్చకండి. గట్టి పోటీలు ఆడేవారు స్టేజీలలోని ప్రమాదాలను ఆపేయమని సలహా ఇస్తారు. అలా ఆపేస్తే గేమర్ గదిలోకి అమ్మ రాదు, బెలూన్ ఫైట్ నీళ్లలో చేప ఉండదు, రెకింగ్ క్రూలో బాంబులు పేలవు. మా ఫ్లాట్‌లో ప్రమాదాలు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. ఐటమ్‌లలో అసిస్ట్ ట్రోఫీతో పాటు క్లూ క్లూ ల్యాండ్ ముళ్ల బంతి యునైరా, టార్పెడోలు పేల్చే స్టీల్ డైవర్ మాత్రమే ఉంచి తక్కినవన్నీ తీసేశాం. స్టేజీల యాదృచ్ఛిక జాబితాలో గేమర్, డక్ హంట్, బెలూన్ ఫైట్, రెకింగ్ క్రూ, పిక్టోచాట్ 2, ఫ్లాట్ జోన్ ఎక్స్, ఐస్ క్లైంబర్ల కొండ, కొడితే ఆకులు సంగీతం పలికే ఎలెక్ట్రోప్లాంక్టన్ చెట్టు మాత్రమే టిక్కు పెట్టి ఉంటాయి.